జకరయ్య లోతు

జకరయ్య ఎడమకాలు ముగించి కుడికాలికి ఆముదం పట్టిస్తున్నాడు. మడమ దగ్గర మొదలుపెట్టి, పిక్క చుట్టూ తిప్పి, మోకాలిచిప్ప కింద గుంటలో బొటనవేలితో అదిమి, తొడ సగం దాకా. నూనె లేకుండా నీళ్ళలోకి దిగితే చర్మం పగిలి చీము పడుతుంది. అవేమీ చూడ ముచ్చటైన కాళ్ళు కావు. పద్దెనిమిదేళ్ళుగా బురదనీళ్ళలో నానీ నానీ వేళ్ళ సందులు తెల్లగా పాలిపోయాయి. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ ఎప్పుడో ఊడి మళ్ళీ రాలేదు. పిక్కల మీద వెంట్రుక లేదు, రాళ్ళు గీరిన మచ్చలు మాత్రం కావలసినన్ని. అయితేనేం, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే శెట్టి బస్సుకు ఇంజను ఎంతో, వానలు పడే నాలుగు నెలలూ ఈ కాళ్ళూ అంతే.

శిరివెళ్ళ దాటాక, నల్లమల నుంచి దిగివచ్చే ఎర్రవాగు రోడ్డుకు అడ్డం పడుతుంది. వంతెన లేదు. నేలమట్టానికి రాళ్ళు పరిచిన చప్టా ఉంది, అరవై గజాల పొడవు. వాగులో నీళ్ళుంటే బస్సు ఒడ్డున ఆగుతుంది. జకరయ్య వెదురుకర్ర పట్టుకుని దిగి, చప్టా మీద నడిమధ్యకు పోయి నిలబడతాడు. డ్రైవరు అద్దంలోంచి అతన్ని చూస్తాడు. నీళ్ళు మోకాలి దగ్గర ఉంటే బండి దించుతాడు, తొడకు వస్తే ఆపేస్తాడు. జకరయ్య నోరు విప్పి చెప్పవలసిందేమీ లేదు, చెప్పినా ఆ హోరులో వినపడదు. అతని పని నిలబడటం.

ఇలాంటి పనికి గుండె నిబ్బరం ఉన్నవాణ్ణి పెట్టుకున్నారని మీరనుకోవచ్చు. అదేం లేదు. జకరయ్య అంత పిరికివాడు తాలూకా అంతా గాలించినా దొరకడు. వాగు హోరు చెవిన పడితే చాలు, దిగేముందు కంపచెట్ల చాటుకు ఒకసారి పోయి రాక తప్పదు. బస్సులో జనం అది చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. పనిలో పెట్టుకున్న పెద్దశెట్టికి మాత్రం ఈ సంగతి మొదటిరోజే తెలుసు. నీళ్ళంటే భయం లేనివాడు బస్సును ముంచుతాడు, భయమున్నవాడే నాకు కావాలన్నాడట. ఆ ఒక్క మాట మీద జకరయ్య ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు.

భయం ఊరికే రాలేదు. పదహారేళ్ళ వయసులో, వాళ్ళ నాయన రెడ్డిగారి జొన్నబండి తోలుకొస్తుంటే, కుందూ నదిలో ముందు నడిచి దారి చూపింది జకరయ్యే. మోకాలే నాయనా, రా, అని కేకేశాడు. అతను నిలబడ్డచోట మోకాలే. రెండడుగుల అవతల అడుగు కోసుకుపోయి గుంత పడింది. బండి ఒరిగింది, ఎద్దులు కాడితో సహా మునిగాయి, నాయన మూడోరోజు గోస్పాడు దగ్గర తేలాడు. ఆ ‘రా’ అన్న మాట తలుచుకుంటే ముప్పయ్యారేళ్ళు గడిచినా జకరయ్యకు ఒళ్ళు చల్లబడుతుంది.

అందుకని అతను నీళ్ళలో వంగేవాడు. నడుము కాదు, మోకాళ్ళు. పైన ఒళ్ళు నిటారుగానే ఉంటుంది. బురదనీళ్ళ కింద మోకాళ్ళు మడిచి, పీట మీద కూర్చోబోయే మనిషిలా సగం కూలబడి నిలుచునేవాడు. మోకాలినీళ్ళు తొడకు కనపడేవి, తొడనీళ్ళు మొలకు. జానెడు అబద్ధం. ఆ జానెడే నలభైమంది ప్రాణాలకు అడ్డుకట్ట అని అతని నమ్మకం. ఈ సంగతి పెళ్ళాం మణెమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

డ్రైవర్లకు మాత్రం కళ్ళు లేవా? దాదాపీర్ ఈ దారిలో పన్నెండేళ్ళుగా బండి తోలుతున్నాడు. మొదటి వానాకాలంలోనే కనిపెట్టేశాడు. జకరయ్య వయసులో పెద్దవాడు, ముఖం మీద అంటే సిగ్గుపడతాడని ఊరుకుని, కంటికి కనపడిన లోతులోంచి జానెడు తీసేసి బండి దించడం అలవాటు చేసుకున్నాడు. నీళ్ళ లోతు వేరు, జకరయ్య లోతు వేరు, అతనికి తొడ అంటే మనకు మోకాలు అని కండక్టరు రంగయ్యతో నవ్వుతూ అనేవాడు. తొడదాకా చూపించినా బస్సు వచ్చేస్తోందే అని జకరయ్య ఇంకొంచెం వంగాడు. అతను ఇంకొంచెం వంగుతున్నాడని దాదాపీర్ ఇంకొంచెం తీసేశాడు. ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకునే మనుషులు. పన్నెండేళ్ళలో ఈ ముక్క ఒకరితో ఒకరు అనుకున్నది లేదు.

గుట్టు బయటపెట్టింది పెద్దశెట్టి అల్లుడు లక్ష్మీనారాయణ. మామ పోయాక పెత్తనం ఆయనది. పైగా ఈ దారిలో ఇంకొకరి బస్సు కూడా పడింది, ఏది ముందు పోతే జనం దాన్నెక్కుతారు. పోయిన నెలలో దాదాపీర్ సెలవు పెట్టిన రోజున, బదిలీ డ్రైవరు జకరయ్య మొలదాకా మునిగి ఉండటం చూసి బస్సును మూడు గంటలు ఒడ్డునే నిలిపేశాడు. ఆ బస్సులోనే ఉన్న అల్లుడు విసిగిపోయి, పంచె ఎగ్గట్టి, తానే దిగివచ్చి జకరయ్య పక్కన నిలబడ్డాడు. ఆయనకు మోకాలు, జకరయ్యకు మొల. ఒడ్డున జనం పడీ పడీ నవ్వారు.

మర్నాడు ఆఫీసుగదిలోకి పిలిచి తలుపు దగ్గరికేశాడు. "నువ్వు మనిషివి కాదురా, కొలబద్దవి. బద్ద యాడన్నా వంగుతాదా? నిటారుగా నిలబడు. రావాల్నో వద్దో డ్రైవరు చూసుకుంటాడు. ఇంగోసారి వంగినావని తెలిస్తే ఇంటికాడనే ఉండు" అన్నాడు. జకరయ్య చేతులు కట్టుకుని, సరే సామీ, అని వచ్చేశాడు.

ఆ తర్వాత ఇరవై రోజులు చుక్క వాన లేదు. భాద్రపదం ఎండ నెత్తి మాడ్చేసింది. వాగు చీలమండ తడిసేంతకు దిగిపోయింది, జకరయ్యకు నిలబడే అవసరమే రాలేదు. కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది, వంతెన వస్తుంది వస్తుందని అందరూ అంటున్నారు కానీ రాయి వేసినవాళ్ళు లేరు.

ఆముదం పట్టించడం అయ్యాక మణెమ్మ జొన్నరొట్టెలు రెండు గుడ్డలో కట్టి ఇచ్చింది. మిషను కాంపౌండులో ఆకులు ఊడ్చే పని ఆమెది, పొద్దున్నే ఆకాశం చూసే అలవాటుంది. గాలి తూర్పుకు తిరిగింది, ఉక్క బాగలేదు, ఈ ఒక్కరోజు మానేయమంది. మానేస్తే ఇంక రావద్దంటాడని జకరయ్య అన్నాడు.

"దాదాపీరన్నకు చెప్పినావా, ఇంగ వంగనని?" అంది.

"ఈ పొద్దు చెప్తా."

"ఇరవై దినాల్నుంచీ అదే మాట చెప్తాండావు."

జకరయ్య రొట్టెల మూట అందుకున్నాడు. చెప్పాలి, నిజమే. కానీ ఏమని? పన్నెండేళ్ళు నిన్ను మోసం చేసినానప్పా, ఇప్పుడు మానేసినా అనా? నోరు రావద్దూ. మణెమ్మ అతని నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే అతను లేచి కర్ర తీసుకున్నాడు.

బస్టాండుకు ఎదురుగా ఉన్న హోటల్లో రేడియో మోగుతోంది. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందట. నెల్లూరు నుంచి బందరు దాకా తీరమంతా అలలు ఎగిసిపడుతున్నాయట, చేపలు పట్టేవాళ్ళు సముద్రంలోకి పోవద్దట. టీ తాగుతున్నవాళ్ళలో ఒకతను నవ్వి, సముద్రం యాడ, మనం యాడ, మనకేంటికప్పా ఆ గోల అన్నాడు. బయట ఎండ చుర్రుమంటోంది.

జకరయ్య సముద్రం చూసినవాడు కాడు. మద్రాసుకు ఒకసారి పోయివచ్చిన కండక్టరు రంగయ్యను పట్టుకుని, అల ఎంతుంటాదన్నా అని అడిగాడు. ఇట్లాంటప్పుడు తాటిచెట్టంత లేస్తాదని రంగయ్య మామూలుగా చెప్పేసి టిక్కెట్ల సంచి భుజాన తగిలించుకున్నాడు. ఆ నీళ్ళు అక్కడే ఉంటే ఫరవాలేదు. ఆ మబ్బులు తూర్పుగాలికి ఎగబడి వచ్చి నల్లమలకు కొట్టుకుంటాయి, కొండ మీద కురుస్తాయి, కింద ఎండ కాస్తుండగానే వాగు వస్తుంది. రెండుసార్లు చూశాడు తను. సగం టీ అక్కడే వదిలేసి వచ్చి బస్సెక్కాడు.

పొద్దున పోయేటప్పుడు వాగు బుద్ధిగానే ఉంది. నీళ్ళు తేటగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకునేటట్టు. అయినా జకరయ్య దిగి, నడిమధ్యకు పోయి నిలబడ్డాడు, నిటారుగా. వంగకుండా నిలబడటం అతనికి చేతకాని పనిలా ఉంది. మొలగుడ్డ లేకుండా బజార్లో నిలబడ్డట్టు సిగ్గేసింది. బస్సు పక్కనుంచి దాటిపోతుంటే దాదాపీర్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. చీలమండ నీళ్ళలో కొలతేముంది? అతనికి తేడా తెలియలేదు.

ఆళ్ళగడ్డలో బస్సు మూడు గంటల దాకా ఆగుతుంది. జకరయ్య వేపచెట్టు నీడన కూర్చుని రొట్టె విప్పి, ఒక తుంపు నమిలి మళ్ళీ కట్టేశాడు. తూర్పున నల్లమల మీద ఆకాశం కాటుక పూసినట్టుంది. మిగతాదంతా తెల్లటి ఎండ. మధ్యాహ్నం అహోబిలం నుంచి గుర్రబ్బండి మీద దిగిన కమలాక్షమ్మ అనే పెద్దావిడ, నంద్యాల మనిషే, మొక్కు తీర్చుకుని వస్తోంది, తన మూట బస్సు మీద పెట్టమని అతన్నే పిలిచింది. పెడుతుండగా, పైన కొండల్లో రాత్రి నుంచీ ఒకటే వాన అని సంతోషంగా చెప్పింది. ఎగువ అహోబిలం మెట్ల మీద నీళ్ళు పారుతున్నాయట. స్వామి దయ, చెరువులు నిండుతాయి అంది. జకరయ్య మూట పెట్టి నిచ్చెన దిగాడు.

నేరుగా దాదాపీర్ దగ్గరికి పోయాడు. అతను భోంచేసి చక్రం నీడలో తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు.

"కొండల్లో వాన పడతాండాదంట. ఈ పొద్దు వాగు దాటొద్దప్పా. ఈడనే ఉండిపోదాం."

దాదాపీర్ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. ప్రతి వానాకాలం పదిసార్లు వినే మాటే. "జకరన్నా, ఎండకు టైర్లు కాలిపోతాండాయి. పోయి చూద్దాంలే. నువ్వు నిలబడు, నేను చూసుకుంటా" అన్నాడు.

నేను చూసుకుంటా అనే మాటలో ఎంత ప్రేముందో జకరయ్యకు తెలుసు. ఇప్పుడు చెప్పేయాలి, ఇప్పుడే, అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో రంగయ్య వచ్చి పక్కన కూర్చుని బీడీ అడిగాడు. ఇద్దరి ముందు ఎలా చెప్తాడు? లేచి వెళ్ళిపోయాడు. బస్సు కదిలాక చెప్దామనుకున్నాడు, కదిలాక ఒడ్డున ఆగినప్పుడనుకున్నాడు. పిరికితనంలో కూడా రకాలుంటాయి మరి. నీళ్ళకు భయపడేవాడు మాటకు కూడా భయపడ్డాడు.

బస్సులో నలభైరెండు మంది. ఒళ్ళో పిల్లలు వేరే. నామాలు పెట్టుకున్న యాత్రికులు, బళ్ళారి నుంచి వచ్చిన ప్రత్తి బేరగాళ్ళు, బుట్టలో కోళ్ళతో ఇద్దరు ఆడవాళ్ళు. కమలాక్షమ్మ డ్రైవరు వెనకసీట్లో కూర్చుని దాదాపీర్‌కు కూడా ప్రసాదం పెట్టింది, అతను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కిటికీల్లోంచి వేడిగాలి. వాగు ఇంకా ఫర్లాంగు దూరముండగానే జకరయ్యకు వినపడింది. మిగతావాళ్ళెవరికీ వినపడలేదు, ఇంజను చప్పుడు.

వాగు రంగు మారింది. పొద్దున తేటగా ఉన్నది ఇప్పుడు ఇటికెపొడి కలిపినట్టు ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు, నురగ కట్టుకుని పోతోంది. చప్టాకు గుర్తుగా నాటిన సున్నపు రాళ్ళు తలలు మాత్రం పైకి పెట్టాయి. పైన ఎండ, ఎక్కడా చినుకు లేదు. బస్సు ఒడ్డున ఆగింది. జకరయ్య కంపచెట్ల చాటుకు పోయి వచ్చాడు. ఎవరో నవ్వారు.

నీళ్ళ అంచున నిలబడి చూశాడు. టేకు ఆకులు కొట్టుకొస్తున్నాయి, పచ్చివి. వెదురు గణుపులు, మోదుగ కొమ్మలు, చచ్చిన ఉడుత ఒకటి. ఇదంతా కొండది. వాన ఇక్కడిది కాదు, అసలు నీళ్ళు ఇంకా వెనకే ఉన్నాయి. వెనక్కి వచ్చి కిటికీ దగ్గర నిలబడి, అడవి చెత్త వస్తాండాదప్పా అన్నాడు. దాదాపీర్ మెడ బయటికి పెట్టి చూశాడు. వాగు తగ్గుతానే ఉందిలే, మబ్బు లేదు, నువ్వు పో, నిలబడు, చూద్దాం అన్నాడు. ఇంక వంగనన్న మాట చెప్పకుండానే జకరయ్య కర్ర అందుకున్నాడు. వెనక అప్పుడే ఎవరో టైమైపోతోందని గొణుగుతున్నారు.

దిగాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి, అడవి చల్లదనం. చీలమండ, పిక్క, మోకాలు. కర్రతో ముందు తడుముతూ, రాయి తగిలాక కాలు మోపుతూ. కుడివైపు నుంచి నీళ్ళు తొడను నెడుతున్నాయి. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ ముప్పై గజాలు పోయి నడిమధ్య నిలబడ్డాడు. నీళ్ళు సరిగ్గా తొడ సగానికి వచ్చాయి. ఆముదం పట్టిన చోటికి.

మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. పద్దెనిమిదేళ్ళ అలవాటు. బద్ద యాడన్నా వంగుతాదా అన్న మాట గుర్తొచ్చి బలవంతాన కాళ్ళు బిగించాడు. నిటారుగా నిలబడ్డాడు. అప్పుడొక సంగతి తట్టి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఈ రోజు అబద్ధం అక్కర్లేదు. ఉన్న లోతే చాలు, తొడనీళ్ళు, ఏ డ్రైవరూ దించడు. నిజం చెప్పినా బస్సు ఆగుతుంది. ఇన్నేళ్ళకు ఒక్కసారి, నిజానికీ తన భయానికీ తేడా లేదు. దాదాపీర్ తల అడ్డంగా ఊపుతాడని వెనక్కి తిరిగి చూశాడు.

బస్సు కదిలింది.

మొదట నమ్మలేదు. ఇంజను గొంతు మారింది, ముందుచక్రాలు ఏటవాలులోకి దిగాయి. జకరయ్య కర్రను రెండు చేతులతో అడ్డంగా పైకెత్తాడు. ఆగు అని గుర్తు. కానీ ఆ గుర్తు అతను ప్రతిసారీ ఎత్తేదే, మోకాలినీళ్ళకూ ఎత్తేదే. దాన్నెవరు లెక్కచేస్తారు? దాదాపీర్ అలవాటుగా నవ్వుకుని, తొడలోంచి జానెడు తీసేసి, గేరు తగ్గించాడు.

తలుపు దగ్గర వేలాడుతున్న రంగయ్య అద్దంలోంచి చూసి కళ్ళు చిట్లించాడు. "ఏందన్నా, జకరయ్య ఈ పొద్దు పొడుగ్గా కనపడతాండాడు" అన్నాడు.

దాదాపీర్ కాలు ఇంకా బ్రేకు మీదికి పోలేదు. చక్రాలు సగం మునిగాయి. అప్పుడు జకరయ్య పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. కర్ర పారేసి, బస్సుకు ఎదురుగా, వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఆ నీళ్ళలో పరుగేమిటి, పడుతూ లేస్తూ, చేతులు ఆడిస్తూ, నోట్లోకి పోయిన నీళ్ళు ఉమ్ముతూ.

"వంగలేదు! దాదాపీరన్నా, నేను వంగలేదప్పా! ఈ పొద్దు వంగలేదు!"

ఆ కేక హోరులోంచి కూడా వినపడింది. దాదాపీర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు తొక్కాడు. బస్సు జారి, ముక్కు నీళ్ళలో పెట్టి, ఆగింది. ఫ్యాను నీళ్ళను కొట్టి బానెట్టు కిందనుంచి చిమ్మింది. ఇంజను దగ్గింది కానీ చావలేదు.

దిగండి, దిగండి అని రంగయ్య అరిచాడు. జనం వెనక తలుపులోంచి ఒకరిమీద ఒకరు పడుతూ ఒడ్డున పడ్డారు. కమలాక్షమ్మను ఇద్దరు ఎత్తి దించారు. పిల్లలు ఏడుస్తున్నారు, కోళ్ళు అరుస్తున్నాయి. దాదాపీర్ వెనక గేరు వేశాడు. తడిసిన ఎర్రమట్టిలో వెనకచక్రాలు తిరిగిన చోటే తిరిగాయి, బండి కదలకపోగా ముందుకు ఒక మూర జారింది. మగవాళ్ళంతా వెనక నిచ్చెన పట్టుకుని లాగుతున్నారు, చక్రాల కింద రాళ్ళు వేస్తున్నారు. ముందువైపు, నీళ్ళలో, జకరయ్య ఒక్కడే.

అతనికి ఎవరూ చెప్పలేదు. తలగుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టి, కాలిపోతున్న రేడియేటరు జాలీ మీద వేసి, దాని మీద భుజం ఆనించాడు. కాళ్ళు వెనక్కి తన్నిపెట్టి నెట్టాడు. అద్దంలోంచి దాదాపీర్‌కు అతని ముఖం రెండు గజాల దూరంలో కనపడుతోంది. పెదాలు నల్లగా, కళ్ళు పెద్దవై, భయం తప్ప మరేమీ లేని ముఖం. పక్కకు రమ్మని దాదాపీర్ తలతో సైగ చేశాడు. జకరయ్య తల అడ్డంగా ఊపాడు. నలభైరెండు మందీ దిగిపోయారని అతనికి తెలియదు. బస్సులో ఇంకా అందరూ ఉన్నారనే నెడుతున్నాడు.

కుడివైపు, తూర్పున, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. వాగు మలుపులో నీళ్ళు మనిషి ఎత్తున లేచి, చెట్టుకొమ్మలు ముందు పెట్టుకుని వస్తున్నాయి. దాదాపీర్ అది చూశాడు. యాక్సిలేటరు మీంచి కాలు తీసి దూకి అతని చెయ్యి పట్టుకోవచ్చు. కాలు తీస్తే బండి ముందుకే పోతుంది, అతని మీదికే పోతుంది. కాలు తీయలేదు. అల్లా, అల్లా అంటూ అలాగే తొక్కిపెట్టాడు. వెనక చక్రాల కింద రాయి పట్టు దొరికింది. బస్సు ఒక్క ఊపుతో వెనక్కి పోయింది.

జకరయ్యకు ఆనుకున్నది పోయింది. ముందుకు, చేతుల మీద పడ్డాడు. లేచాడు. లేచి నిలబడ్డాడు, నిటారుగానే, నీళ్ళు మొలకు వచ్చాయి, రొమ్ముకు వచ్చాయి. కేకేయలేదు. బస్సు ఒడ్డెక్కిందా అని చూస్తున్నట్టు ఇటే చూశాడు. తర్వాత అక్కడ ఎర్రనీళ్ళే ఉన్నాయి.

వెనక ఉన్నవాళ్ళెవరూ ఇది చూడలేదు. బస్సు గట్టెక్కగానే యాత్రికులు గోవిందా గోవిందా అని అరిచారు. కొందరు చప్పట్లు కొట్టారు. రంగయ్య నవ్వు ముఖంతో ముందుకు వచ్చి, జకరయ్య యాడన్నా అని అడిగాడు.

దాదాపీర్ దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"నిటారుగా నిలబడినాడు రంగా. నేను జానెడు తీసేసినా."

రంగయ్యకు అర్థమై ఒడ్డున అలాగే కూలబడ్డాడు. ప్రత్తి బేరగాళ్ళూ యాత్రికులూ వాగు వెంబడి కిందికి పరుగెత్తారు. కంపచెట్లు మునిగిపోయాయి, సున్నపు రాళ్ళ తలలు కూడా కనపడటం లేదు. కమలాక్షమ్మ నేల మీద కూర్చుని, ఏ కులమో ఏ మతమో అడగకుండా, నా కొడకా నా కొడకా అని ఏడ్చింది. పొద్దు వాలే దాకా వెతికి అందరూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు. మణెమ్మకు కబురు పెట్టాలన్నారు ఎవరో. నంద్యాల అవతలి ఒడ్డున ఉంది. పెట్టాలన్నా వాగు దాటాలి, దాటాలంటే ముందు నడిచేవాడు లేడు.

దాదాపీర్ చివరికి దిగి బస్సు ముందుకు వచ్చాడు. రేడియేటరు జాలీకి నాలుగు మడతల తలగుడ్డ అంటుకునే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను వేడికి ఆవిరి వదులుతూ, అంచుల నుంచి మొదలై అది మెల్లగా ఆరుతోంది, నడుమ భుజం ఆనిన చోట మాత్రం ఇంకా తడిగానే ఉంది.